పద్నాలుగు గంటల రాత్రి

రాజమండ్రిలో మా పెరటి గోడ పక్కన ఒక ఎర్ర చెట్టుండేది. దాని పేరు ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎవరు నాటారో కూడా తెలీదు. ఏడాదిలో పది నెలలు అది మామూలు ఆకుపచ్చ పొదే. ఆకు తుంచితే జెముడుకి కారినట్టు పాలు కారేవి, అందుకని అమ్మ మమ్మల్ని దాని జోలికి పోనిచ్చేది కాదు. కార్తీకం వెళ్ళి చలి ముదిరేసరికి మాత్రం కొమ్మల చివర ఆకులు ఒక్కొక్కటే ఎర్రబడేవి. సంక్రాంతి నాటికి వీధి మలుపు నుంచే కనిపించేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా సందులోకి వీధిదీపం వచ్చింది. పసుప్పచ్చటి సోడియం దీపం. సందంతా సంబరపడ్డాం. రాత్రిళ్ళు సైకిళ్ళు గోతుల్లో పడటం తగ్గింది. ఆ చలికాలం చెట్టు సగమే ఎర్రబడింది. గోడ నీడ పడే వైపు ఎప్పట్లాగే ఎరుపు, దీపం వైపు ఆకుపచ్చ. ఎవరో గీత గీసి పంచినట్టుంది. నాన్న పురుగు పట్టిందన్నాడు. పక్కింటి మాస్టారు ఎరువు తగ్గిందన్నారు. అమ్మ మాత్రం, "పురుగూ కాదు, ఎరువూ కాదు. దానికి నిద్ర లేదురా" అంది. అందరం నవ్వాం.

పాతికేళ్ళ తర్వాత షికాగో శివార్లలో, డిసెంబరు మొదటివారంలో, పాలూ బ్రెడ్డూ కొనడానికి వెళ్ళిన దుకాణంలో గుమ్మం దగ్గరే ఆ చెట్టు ఎదురైంది. చెట్టు కాదు, జానెడు ఎత్తు మొక్క. కుండీకి తళతళలాడే ఎర్ర కాగితం చుట్టి, వరసగా వందలకొద్దీ పేర్చి పెట్టారు. పాయిన్‌సెట్టియా అట. ఒకటి తెచ్చుకున్నాను. పండగలన్నీ అయ్యాక జనం దీన్ని చెత్తబుట్టలో వేస్తారని తెలిసినా, నాకు మనసొప్పలేదు. వేసవంతా పెంచాను. ఏపుగా పెరిగింది. రెండో డిసెంబరు వచ్చింది. ఒక్క ఆకైనా ఎర్రబడలేదు.

ఉష్ణమండలపు మొక్క కదా, ఈ చలిదేశంలో వెలుతురు చాలట్లేదనుకున్నాను. దక్షిణపు కిటికీ దగ్గరకి మార్చాను. అదీ చాలక, మొక్కల కోసమే అమ్మే దీపం ఒకటి కొని, రాత్రి పదకొండింటిదాకా వెలిగించాను. మొక్క ఇంకా పచ్చగా తయారైంది. జనవరి వెళ్ళిపోయింది. ఎక్కడ తప్పు చేశానో వెతుక్కుంటూ పోతే అర్థమైందేమిటంటే, ఈ తప్పు నా ఒక్కడిదీ కాదు, కొత్తదీ కాదు. మహామహులు, ఖర్చుకి వెనకాడకుండా, దాదాపు వందేళ్ళపాటు చేసిన తప్పు అది. ఆ కథే ఇది.

*

ఈ మొక్క పుట్టిల్లు మెక్సికో. అజ్‌టెక్కుల నావాట్ల్ భాషలో దీని పేరు క్వెట్లాషోచిట్ల్. ఎరుపు రంగు కోసం, మందు కోసం వాళ్ళు దీన్ని వాడుకునేవారు. మనం పువ్వనుకునే ఎర్రటి భాగం నిజానికి పువ్వు కాదు, ఆకే. అసలు పూలు మధ్యలో పసుప్పచ్చటి గింజల్లా ఉంటాయి, ఎవరూ చూడరు. మన కాగితంపూల చెట్టుదీ ఇదే వేషం. స్పానిష్ వాళ్ళు వచ్చాక, డిసెంబరులో ఎర్రబడుతుంది కాబట్టి ఇది క్రిస్మస్ మొక్క అయింది. మెక్సికోలో ఈనాటికీ దీన్ని పిలిచే పేరు నోచెబ్వేనా. క్రిస్మస్ ముందురాత్రికి వాళ్ళ మాట అది. విడగొట్టి చెప్పుకుంటే మంచి రాత్రి. పేరులోనే రాత్రి ఉంది. కానీ ఆ సంగతి తేలడానికి చాలాకాలం పట్టింది.

ఈ మొక్కకి పేరుపడ్డ టాస్కో ఊరు 18న్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. హైదరాబాదు 17 డిగ్రీల పైచిలుకు, రాజమండ్రి 17. అంటే పగలూ రాత్రీ పెరిగి తరిగే లెక్కలో టాస్కోకీ మనకీ తేడా లేనట్టే. ఎండాకాలం అతి పెద్ద పగలు 13 గంటల పైన కాస్త, చలికాలం అతి చిన్న పగలు 11 గంటలు. మా పెరట్లో చెట్టు ఎవరూ పట్టించుకోకపోయినా ఏటా వేళ తప్పకుండా ఎర్రబడిందంటే, అది పుట్టింటి ఆకాశం కిందే ఉంది మరి.

పాయిన్‌సెట్టియా అన్న పేరు ఒక అమెరికన్ రాయబారిది. దక్షిణ కరొలైనాకి చెందిన జోయల్ రాబర్ట్స్ పాయిన్‌సెట్, 1825లో మెక్సికోకి అమెరికా తరఫున మొదటి ప్రతినిధిగా వెళ్ళాడు. వృక్షశాస్త్రం అతనికి సరదా. ఈ మొక్క నచ్చి అమెరికాకి పంపాడు. 1829లో ఫిలడెల్ఫియా పూల ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు. మెక్సికోలో ఆయన చేసిన పని ఇదొక్కటే అయితే బాగుండేది. ఆ దేశపు రాజకీయాల్లో ఎంతగా వేలుపెట్టాడంటే, అతన్ని వెనక్కి పిలిపించుకోమని మెక్సికో అడగాల్సివచ్చింది. 1838లో చెరొకీ ప్రజలని వాళ్ళ నేల మీంచి తరిమేసినప్పుడు అమెరికా యుద్ధశాఖ కార్యదర్శి ఈయనే. తన నేలలో దానికున్న పేరు తీసేసి, ఒక మొక్కకి ఈయన పేరు పెట్టారు. మొక్కకి అదేమీ పట్టలేదు. దానికి పట్టినవి వేరే ఉన్నాయి.

*

ఉష్ణమండలపు మొక్కలు పడవలెక్కి ఉత్తరానికి చేరాక, అక్కడివాళ్ళకి ఎదురైన మొదటి సమస్య వెచ్చదనం. బొగ్గు మండించి ఆవిరి గొట్టాలు పెట్టి దాన్ని తీర్చుకున్నారు. రెండోది వెలుతురు. ఇంగ్లాండులో 1746 నుంచి గాజు మీద పన్నుండేది, అదీ బరువుని బట్టి. అద్దాల ఇల్లు కట్టడం ప్రభువులకే చెల్లేది. 1845లో ఆ పన్ను ఎత్తేశాక గాజు చవకైంది, అద్దాల ఇళ్ళు మధ్యతరగతి పెరళ్ళలోకీ వచ్చాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1844-48 మధ్య, లండన్ దగ్గర క్యూ తోటలో తాటిజాతి చెట్ల కోసం పామ్ హౌస్ కట్టారు. దాని అద్దాల విషయంలో పెద్ద ఆలోచనే చేశారు. అంత గాజులోంచి ఎండ సూటిగా పడితే ఆకులు మాడిపోతాయేమోనని భయం. రాబర్ట్ హంట్ అనే శాస్త్రవేత్త రకరకాల రంగుటద్దాలు పరీక్షించి, రాగి భస్మం కలిపిన లేత ఆకుపచ్చ గాజు వాడమన్నాడు. అలాగే వాడారు. తీరా చూస్తే లండన్‌లో మొక్కలకి ఎక్కువైంది ఎండ కాదు, బొగ్గు పొగ. ఆ పొగమంచులో ఉన్న కాస్త వెలుతురుని కూడా ఆకుపచ్చ గాజు మింగేసేది. శతాబ్దం చివరికి వచ్చేసరికి ఆ గాజు మానేసి మామూలు తెల్ల గాజుకి మారారు. హంట్ తెలివితక్కువవాడేమీ కాదు. ఎంత వెలుతురు, ఏ రంగు వెలుతురు అన్నవి మంచి ప్రశ్నలే. మూడో ప్రశ్న ఒకటుందని మాత్రం అప్పటికి ఎవరికీ తట్టలేదు.

తర్వాత కరెంటొచ్చింది. 1880లో విలియం సీమన్స్, టన్‌బ్రిడ్జ్ వెల్స్ దగ్గర తన బంగళా తోటలో, ఆర్క్ దీపాలు పెట్టి రాత్రిళ్ళు మొక్కల మీద వెలుగు పోశాడు. సూర్యుడు దిగగానే ఆర్క్ దీపం ఎక్కేది. మొక్కలు బ్రహ్మాండంగా పెరిగాయి. స్ట్రాబెర్రీలు తొందరగా పండాయి. రాయల్ సొసైటీ ముందు ఆయన చెప్పిన సారాంశం, మొక్కలకి రోజులో విశ్రాంతి అంటూ సాధారణంగా అక్కర్లేదని. కరెంటు పరికరాల వ్యాపారి కాబట్టి అలా అన్నాడని తోసెయ్యడం తేలిక. కానీ ఆయన కళ్ళతో చూసిందే చెప్పాడు. స్ట్రాబెర్రీ నిజంగానే అలిసిపోలేదు.

1890లలో అమెరికాలో, కోర్నెల్ విశ్వవిద్యాలయంలో లిబర్టీ హైడ్ బెయిలీ ఇలాంటి పరీక్షలే చేశాడు. లెట్యూస్ ఆకు మామూలు కంటే ముందే కోతకొచ్చింది. పాలకూర మాత్రం ఆకు సరిగా వెయ్యకుండానే కాడ లేపి పూతకొచ్చేసింది. దీపం ఎక్కువై చెడిపోయినట్టు లెక్కవేశారు. నిజానికి పాలకూర ఒక మాట చెప్పింది. రాత్రి పొట్టిదైతే నేను పూస్తాను అని. ఆ భాష అప్పటికింకా ఎవరికీ రాదు.

*

దగ్గరదాకా వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. పారిస్‌లో జూలియన్ తుర్న్వా అనే కుర్రవాడు జనపజాతి మొక్కల మీదా, బీరులో వేసే హాప్స్ తీగల మీదా పనిచేస్తూ, పగలు తక్కువైనప్పుడు అవి తొందరపడి పూస్తున్నాయని గమనించాడు. వెలుతురు తగ్గడం కన్నా రాత్రి పొడుగవడమే కారణమేమో అనేదాకా వెళ్ళాడు. 1914లో యుద్ధం వచ్చింది. ఆ ఏడే చనిపోయాడు. జర్మనీలో, హైడెల్‌బర్గ్‌లో గెయార్గ్ క్లెబ్స్, వేసవిలో పూసే ఒక మొక్కని నడిచలికాలంలో కరెంటు దీపాలతో పూయించాడు. వెలుతురు ఇక్కడ ఆహారంగా కాదు, సైగగా పనిచేస్తోందన్నాడు. 1918లో ఆయన ఇన్‌ఫ్లుయెంజాతో పోయాడు.

ఆ 1918 వేసవిలోనే, వాషింగ్టన్‌కి పొటోమక్ నది అవతల ఆర్లింగ్టన్ ఫారంలో, వ్యవసాయశాఖ ఉద్యోగులు గార్నర్, అలర్డ్ ఒక పొగాకు మొక్కతో తల బాదుకుంటున్నారు. మేరీలాండ్ మామత్ అనే రకం. పొలంలో పది అడుగులు దాటి పెరుగుతుంది, ఆకుల మీద ఆకులేస్తుంది, పువ్వు మాత్రం పుయ్యదు. పువ్వు లేకపోతే విత్తనం లేదు. అదే మొక్కని చలికాలం అద్దాల ఇంట్లో పెడితే చిన్నగా ఉండగానే పూస్తుంది. వాళ్ళ దగ్గరే ఇంకో చిక్కుముడి, బిలాక్సీ అనే సోయా రకం. వారాల తేడాతో విత్తినా, అన్నీ ఇంచుమించు ఒకేసారి పూతకొస్తాయి. ముందు పుట్టినవి వెనక పుట్టినవాటి కోసం ఆగినట్టు.

వేడి మార్చి చూశారు. ఎరువు మార్చి చూశారు. వెలుతురు తీక్షణత మార్చి చూశారు. ఏదీ కుదరలేదు. ఇక మిగిలింది వినడానికే వింతగా ఉన్న ఒకే ఒక్క సంగతి, పగటి పొడవు. గాలాడే చిన్న చీకటి కొట్టు ఒకటి కట్టారు, కుక్కగూడులాంటిది. జులై ఎండల్లో రోజూ సాయంత్రం నాలుగింటికి కుండీలని అందులోకి తోసి, మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి బయటికి లాగేవారు. బయట వేసవి, లోపల పొడుగాటి చలికాలపు రాత్రి. కొట్టులోకి వెళ్ళొచ్చిన పొగాకు పూసింది. బయటే ఉన్నది పెరుగుతూనే ఉంది. 1920లో ఈ సంగతి ప్రచురించి, ఈ గుణానికి ఫొటోపీరియాడిజం అని పేరు పెట్టారు. మొక్కలని పొట్టి పగటివి, పొడుగు పగటివి, పగటితో పని లేనివి అని విడగొట్టారు. పాయిన్‌సెట్టియా పొట్టి పగటి మొక్క. మన చామంతీ అంతే. చామంతి చలికాలపు పువ్వని మన ముత్తవ్వలకి కూడా తెలుసు. ఎందుకో ఈ కుక్కగూడు చెప్పింది.

కానీ ఇందులోనూ ఒక పొరపాటుంది. 1938లో షికాగోలో హామ్నర్, బానర్ అనే ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. వాళ్ళు వాడిన మొక్క జాంథియం, మన బంజర్లలో బట్టలకి ముళ్ళకాయలంటించే మరులమాతంగి. పగటి మధ్యలో కాసేపు చీకటి పెట్టి చూశారు. మొక్కకి చీమ కుట్టినట్టైనా లేదు. రాత్రి మధ్యలో ఒక్క నిమిషం దీపం వేసి చూశారు. పూత ఆగిపోయింది. అంటే మొక్క కొలుస్తున్నది పగటిని కాదు, రాత్రిని. అదీ తెగకుండా ఉన్న రాత్రిని. రెండు ఆరుగంటల చీకట్లు కలిపితే దాని లెక్కలో పన్నెండు గంటల రాత్రి అవదు.

ఈ కొలత ఎలా వేస్తుందన్నది మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో తేలింది. రాత్రిని చెడగొట్టడంలో ఎరుపు వెలుగుది పెద్ద చెయ్యి అని బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం కనిపెట్టింది. ఆ వెంటనే, ఎరుపుకి అవతల మన కంటికి ఆనీ ఆననట్టుండే వెలుగు వేస్తే, చెడినది మళ్ళీ బాగుపడుతోంది. రెండు రూపాల మధ్య అటూ ఇటూ తిరిగే ఒక వర్ణద్రవ్యం ఆకులో ఉండాలని ఊహించారు. 1959లో దాన్ని పట్టుకున్నారు. దాని పేరు ఫైటోక్రోమ్. చీకటి పడిందన్న కబురు ఆకుకి అందేది దాని ద్వారానే. ఆకు తనలోని గడియారంతో ఆ కబురుని సరిచూసుకుంటుంది.

*

ఇంత తెలిశాక వ్యాపారులు ఊరుకుంటారా? 20వ శతాబ్దం మొదట్లో జర్మనీ నుంచి కాలిఫోర్నియాకి వలసొచ్చిన ఎకే కుటుంబం, హాలీవుడ్ రోడ్ల పక్కన పాయిన్‌సెట్టియా కొమ్మలు కోసి అమ్మేది. 1923లో ఎన్సినీటస్‌కి మారి పొలాలకి పొలాలు వేసింది. అరవైల నుంచి అది కుండీల వ్యాపారమైంది. టీవీ క్రిస్మస్ కార్యక్రమాల వేదికలకి ఉచితంగా మొక్కలు పంపి, ఎర్ర ఆకు లేనిదే అమెరికాలో క్రిస్మస్ లేదనిపించారు. ఇక పెంపకందార్లకి రాత్రి ఒక పనిముట్టు. తొందరగా ఎర్రబడాలంటే సాయంత్రమే నల్లగుడ్డ కప్పుతారు. ఆలస్యం కావాలంటే రాత్రి పదింటి నుంచి రెండింటిదాకా దీపాలు వేస్తారు. నేను దుకాణంలో చూసిన ఆ వందల కుండీలు ఒకే వారంలో ఒకే ఎరుపుకి రావడం వెనక ప్రకృతి ఎంతుందో, ఆ నల్లగుడ్డా అంతే ఉంది. బెంగుళూరు చుట్టుపక్కల రాత్రి ప్రయాణాల్లో చామంతి తోటల మీద బల్బుల తోరణాలు చూసి పెళ్ళేమో అనుకున్నవాళ్ళుంటారు. పెళ్ళి కాదు. పువ్వుని మంచి ధర వచ్చేదాకా ఆపుతున్నారు.

నా పొరపాటు కూడా ఇప్పుడు తేలిపోతుంది. మొక్కకి వెలుతురుతో రెండు పనులు. ఒకటి తిండి. దానికి పగలు కిటికీ దగ్గర మంచి ఎండ కావాలి, అందులో నేను తప్పు చెయ్యలేదు. రెండోది కబురు. దానికి రాత్రి కావాలి. తిండి తక్కువైందనుకుని నేను రాత్రి పదకొండింటిదాకా వడ్డించాను. అది కాస్తా, ఇంకా వేసవే నడుస్తోందని రోజూ దానికి అబద్ధపు కబురు చేరవేసింది. నిజానికి ఆ ప్రత్యేకమైన దీపం కూడా అక్కర్లేదు. మా హాల్లో టీవీ, వంటింటి దీపం, కిటికీలోంచి పడే వీధి వెలుగు చాలు.

మరుసటి అక్టోబరు నుంచి పద్ధతి మార్చాను. సాయంత్రం ఐదింటికి దాని మీద అట్టపెట్టె బోర్లించడం, పొద్దున్న ఏడింటికి తియ్యడం. పద్నాలుగు గంటలు. ఎనిమిది, పది వారాలు. మధ్యలో ఒక్కరోజు కూడా, ఎలా ఉందో చూద్దామని పెట్టె ఎత్తకూడదు. ఊరెళ్ళాల్సివస్తే పక్కింటివాళ్ళకి అప్పజెప్పాలి. పెట్టె సందుల్లోంచి వెలుగు దూరకుండా చూసుకోవాలి. పగలు మళ్ళీ కిటికీ ఎండ తప్పకూడదు. వినడానికి తేలికే. చెయ్యబోతే, పద్నాలుగు గంటల చీకటి మా ఇంట్లో ఏ మూలా దొరకదని తెలిసింది. చివరికి మెట్ల కింద బట్టల బీరువా ఖాళీ చేశాను. నవంబరు మూడోవారంలో, పైన నాలుగాకుల ఈనెల దగ్గర ఎరుపు మొదలైంది. దుకాణంలో మొక్కంత గొప్పగా రాలేదు. ఏడెనిమిది ఆకులు, కాస్త వంకర కూడా.

ఫోన్లో అమ్మకి చూపించాను. చూపిస్తూ సీమన్స్ సంగతీ, పొగాకు సంగతీ, ఫైటోక్రోమ్ సంగతీ ఉత్సాహంగా చెప్పాను. న్యాయంగా చూస్తే అమ్మ మాట కూడా పూర్తిగా ఒప్పు కాదు. మొక్క నిద్రపోదు. దానికి విశ్రాంతి అక్కర్లేదన్న సీమన్స్ మాటే ఆ మేరకి నిజం. కానీ విశ్రాంతి అక్కర్లేదు కాబట్టి రాత్రే అక్కర్లేదనుకోవడం దగ్గర ఆయన జారిపడ్డాడు. అమ్మ పేరు తప్పు పెట్టింది, చూడాల్సింది మాత్రం చూసింది. చెట్టుకి రెండువైపులా తేడా ఎందుకుందని ఆ సందులో అడిగింది ఆవిడొక్కతే.

అంతా విని అమ్మ, "అయితే ఆ రోజు నేనన్నదే కదరా" అంది.

"అదేలే అమ్మా" అన్నాను.

పెరట్లో చెట్టు ఇంకా ఉందా అని అడిగాను. ఉందట. ఆ మధ్య సోడియం దీపం తీసేసి తెల్లటి ఎల్‌ఈడీ పెట్టారట, సందంతా పట్టపగల్లా ఉంటోందట. ఇప్పుడు గోడ వైపు కూడా సగం కొమ్మలు పచ్చగానే ఉంటున్నాయట. దీపం తీయించమని అడిగేదెలా, ముసలివాళ్ళు రాత్రిళ్ళు నడవాలి కదా అంది. తను కూడా ఆ నడిచేవాళ్ళలో ఒకతె. కాసేపాగి, పాత దుప్పటొకటి ఉంది, దీపం వైపు తాడు కట్టి వేలాడదీస్తే పనికొస్తుందా అని అడిగింది. పనికొస్తుందన్నాను. దసరా వెళ్ళగానే కట్టమన్నాను, ఎర్రబడేదాకా విప్పొద్దన్నాను.